రమ్మన్న రాయి

చదువు రానన్నాళ్ళూ నాకు రాతలంటే భయం లేదు. బస్సు బోర్డు మీదున్నా, మందు సీసా మీదున్నా, సమాధి రాయి మీదున్నా అన్నీ ఒకటే, చీమల బార్లు. యాభై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. ఎవరి సాయం లేకుండా కూడబలుక్కుని చదివిన మొదటి మాట ఒక సమాధి మీదది. ఆ మాట "రమ్ము".

మిట్టమధ్యాహ్నం. దగ్గర్లో మనిషి లేడు. చేతిలో చీపురు అక్కడే వదిలేసి గేటు దాకా వచ్చి నిలబడ్డాను. పరిగెత్తానని చెప్పను, నా మోకాళ్ళకి అంత ఓపిక లేదు. వెనక్కి మాత్రం చూడలేదు.

ఉయ్యూరు దాటాక కాలవ గట్టు పట్టుకుని పోతే వస్తుంది ఆ చోటు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దొరల తోట అంటారు. తోటా లేదు పాడూ లేదు. రెండు వేపచెట్లు, ఎటు చూసినా సర్కారు తుమ్మ, మధ్యలో సమాధులు. కాలవలు తవ్వించిన కాలంలో జ్వరాలొచ్చి పోయిన తెల్లవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు. వాళ్ళ తర్వాత మన క్రైస్తవులు కొందరు. ఆ తర్వాత అక్కడ ఎవర్నీ పెట్టడం మానేశారు, ఊరు మర్చిపోయింది. మేం ముగ్గురం ఆదివారం ఆదివారం వెళ్ళి బాగు చేస్తాం. ఎవరూ చెయ్యమనలేదు. చేస్తున్నాం, అంతే.

ముగ్గురిలో పెద్దదిక్కు టీచర్ గారు. రిటైరైన టీచరు, భవానీపురంలో మా వెనక వీధి. ఆవిడ ముత్తాతగారు ఆ తోటలో ఉన్నారు. రెండో మనిషి భాయ్ గారు. ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు లారీల మీద అక్షరాలు రాసిన పెయింటరు. చేతులు వణికే వయసు వచ్చింది గానీ బ్రష్ పట్టుకుంటే వణుకు ఆగిపోతుంది. చెరిగిపోతున్న రాతల్లో నల్లరంగు నింపడం ఆయన పని. మూడోదాన్ని నేను. లేడీస్ హాస్టల్లో వంటమనిషిగా చేసి మానేసినదాన్ని. గడ్డి పీకడం, ఊడవడం, నోరు పారేసుకోవడం నా పనులు.

టీచర్ గారు వచ్చేది ముత్తాత కోసం. భాయ్ గారు వచ్చేది అక్షరాల మీద ఇష్టంతో. నేనెందుకు వెళ్తానో ముందే చెప్పేస్తాను, దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు. ఆ తోటలో ఎక్కడో నా కూతురు ఉంది.

మూడు రోజులు బతికింది. పేరు కూడా పెట్టలేదు. నలభై ఏళ్ళ పైమాట. అప్పుడు మేం ఉయ్యూరు పక్క పల్లెలో ఉండేవాళ్ళం, మా ఆయన చెరుకు నరికే కూలి. వానాకాలం. మా ఊరి శ్మశానం పల్లంలో ఉండేది, మురుగు కాలవ పొంగి నడుంలోతు నీళ్ళలో మునిగింది. పసిబిడ్డల్ని మావాళ్ళు కాల్చరు, పూడుస్తారు. నీళ్ళలో ఏం పూడుస్తారు? దొరల తోట మెరక. పడమటి గోడ కొంత కూలి ఉండేది. మా ఆయన బిడ్డని తువ్వాల్లో చుట్టుకుని, ఎవరూ చూడకుండా ఆ గండిలోంచి లోపలికి పోయాడు. నేను మంచం మీదున్నాను. లేచి తిరుగుతున్నా ఆడదాన్ని రానివ్వరు.

తడిసి ముద్దయి వచ్చాడు. అడిగాను.

"ఎక్కడ పెట్టావయ్యా?"

"దొరల తోటలో. పడమటి గోడకీ, ఒక బండరాయికీ మధ్య."

"ఏ రాయి?"

"రాతలున్న రాయి."

"అన్నిటి మీదా ఉంటాయిగా రాతలు!"

లేచి పొయ్యిలోంచి బొగ్గు తీసుకుని తలుపు వెనక గీశాడు. ఒక సున్నా. సున్నా కింద కొడవలి. "పై వరసలో, కుడిచేతి కొసన ఇది ఉంది. పెద్దగా ఉంది" అన్నాడు.

"అదేం అక్షరం?"

"నాకేం తెలుసే, నేనేవన్నా కరణాన్నా?"

"వచ్చేటప్పుడు ఏమన్నా చెప్పావా దానికి?"

"చెప్పకూడదుగా. వెనక్కి చూడకుండా వచ్చేశా."

అది నిజమే. ఎవరింటికి వెళ్ళినా లేచేటప్పుడు "వెళ్ళొస్తాం" అంటాం. చావింట్లోంచి, శ్మశానంలోంచి వచ్చేటప్పుడు ఆ మాట అనం. మళ్ళీ వస్తామని మాటిచ్చినట్టు అవుతుంది. నోరు మూసుకుని, చెప్పాపెట్టకుండా లేచి రావాలి.

ఆ సాయంత్రానికి నాకు పాలు పొంగుకొచ్చాయి. తాగేది లేదు గానీ పాలకి తెలియదుగా. అవి ఆగడానికి రొమ్ముల మీద మల్లెపూలు కట్టింది మా అత్త. ఇప్పటికీ మల్లెపూల వాసన నాకు పడదు. బస్సులో ఎవరైనా పెట్టుకుంటే సీటు మారతాను.

తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు, బెజవాడ వచ్చేశాం, పనులు, రోగాలు. మా ఆయన పోయాక ఆ బొగ్గు బొమ్మ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. హాస్టల్లో మా వంటవాళ్ళకి టీచర్ గారు పలకలు తెచ్చి చదువు చెప్పడం మొదలుపెట్టిన రోజు, "అ" దిద్దమంటే నేను సున్నా పెట్టి కింద కొడవలి గీశాను.

"ఇదేం అక్షరం టీచర్ గారూ? ముందు ఇది చెప్పండి."

ఆవిడ పలక తన వైపుకి తిప్పుకుని చూశారు. నాకు ఎదురుగా కూర్చున్నారు కాబట్టి తిప్పారు, తిప్పి మళ్ళీ నా వైపుకే పెట్టారు. "ఇలాంటి అక్షరం లేదక్కా. ఏదో వత్తు అయ్యుంటుంది" అన్నారు. ఆ వత్తు ఏదో తెలుసుకోవాలనే యాభై ఆరు అక్షరాలూ, గుణింతాలూ నేర్చుకున్నాను. కింద కొడవలి ఉన్న సున్నా ఎక్కడా తగల్లేదు. ఎందుకు అడుగుతున్నానో ఆరు నెలలకి చెప్పాను. ఆవిడ పుస్తకం మూసి, "ఆ తోటలోనే మా ముత్తాతగారున్నారక్కా" అన్నారు. అలా మొదలైంది మా ఆదివారం.

టీచర్ గారికి చర్చి అయ్యాక బయల్దేరితే మేం చేరేసరికి పదకొండు దాటేది. గేటు దగ్గర భాయ్ గారు చెప్పులు సర్దుకుని, లోపలున్న వాళ్ళకి సలాం చెప్పేవారు. ఏ మతంవాళ్ళైనా సరే సమాధుల్లో ఉన్నవాళ్ళకి సలాం చెప్పకుండా అడుగు పెట్టరు ఆయన. దాని అర్థం ఏంటని అడిగాను.

"మీరు ముందెళ్ళారు, మేం వెనకే వస్తున్నాం, అని చెల్లెమ్మా."

"వెనకంటే ఎంత వెనకో చెప్పకండి భాయ్ గారూ. మనం వచ్చింది గడ్డి పీకడానికి."

వచ్చేటప్పుడు మాత్రం నా చట్టం. ఎవరూ ఏమీ అనకూడదు. ఒకసారి టీచర్ గారు అలవాటు కొద్దీ ముత్తాత రాయి తట్టి "వెళ్ళొస్తామండీ" అన్నారు. నేను అక్కడే తిట్టాను. "ఇదేవన్నా పేరంటవా?" ఆవిడ నవ్వారు గానీ ఆ వారం బస్సు దిగుతూ కాలు మెలిక పడి పది రోజులు మంచం మీద ఉన్నారు. నేను తిట్టినందుకే పడ్డానంటారు ఆవిడ.

నేను "రమ్ము" చదివింది ఆ మొదటి చలికాలం. ఆ ఆదివారం టీచర్ గారూ భాయ్ గారూ మంచినీళ్ళ డబ్బా కోసం ఊళ్ళోకి వెళ్ళారు. పడమటి గోడవార తుమ్మ కంపలో మునిగి ఉంది ఒక బండ. అడ్డంగా, నేలకి అతుక్కుని పడుకున్న రాయి. పైభాగం పెచ్చులూడిపోయింది, ఎవరిదో ఏమో తెలియదు. గోడకి దూరంగా ఉన్న కొసన, అడుగున, ఒక్క మాట మిగిలింది. అరచెయ్యంత అక్షరాలు. కంప కొట్టి, గోడకి వీపు పెట్టి ఊడ్చుకుంటూ ఇటు దిగి, ఎదురుగా నిలబడి చదివాను. చదివాక జరిగింది చెప్పాను కదా.

నా మొహం చూసి టీచర్ గారు కంగారుపడ్డారు. సంగతి విని నవ్వారు. "అది మనల్ని కాదక్కా. దేవుణ్ణి రమ్మని అడుగుతున్నారు. పాత తెలుగు."

"దేవుణ్ణైతే రండి అనరా? రమ్మంటారా?"

"అలాగే అనేవాళ్ళు."

భాయ్ గారు నవ్వలేదు. "ఎవర్ని పిలిచినా చదివినోళ్ళకే కదా వినపడేది" అన్నారు.

ఆ మాట నన్ను పట్టుకుంది. రాత్రి పప్పు రుబ్బుతున్నా అదే. నేను చదివిన మొదటి మాట అది. పిలుస్తోంది. ముళ్ళల్లో పడి ఉంది, పైనుంచి గేదెలు గండిలోంచి దిగి దాని మీద తొక్కుకుంటూ పోతున్నాయి. దాన్ని తీసి దారి పక్కన, మంచి చోట పెట్టాలని పట్టుబట్టాను. టీచర్ గారు ఒప్పుకోలేదు. "కింద ఉన్నవాళ్ళని అడగలేదక్కా మనం." నేను వినే రకం కాదు. రెండు వారాలు పోరాను. భాయ్ గారు లారీ జాకీ, గడ్డపలుగు, నాలుగు ఇనప గొట్టాలు తెచ్చారు.

మార్గశిరం. పదకొండైనా కాలవ మీద పొగమంచు పోలేదు. వేపచెట్టు ఆకుల్లోంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. జాకీ ఎత్తగా ఎత్తగా రాయి ఒక పక్క లేచింది. కింద నేల సున్నం కలిపినట్టు పాలిపోయి ఉంది. తెల్లటి వేళ్ళు జల్లెడలాగా అల్లుకుని ఉన్నాయి. నేను వంగి అరచెయ్యి ఆనించాను.

వెచ్చగా ఉంది.

చుట్టూ మంచు, నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఆ నేల మాత్రం ఇప్పుడే ఎవరో పడుకుని లేచిన పక్కలాగా ఉంది. "టీచర్ గారూ, చెయ్యి పెట్టండి" అన్నాను. ఆవిడ పెట్టలేదు. భాయ్ గారు గొట్టాలు సర్దుతూ, "బండ కింద నేలకి చలి తగలదు చెల్లెమ్మా, అంతే" అన్నారు. అంతే అయ్యుంటుంది. గొట్టాల మీద దొర్లించుకుంటూ దారి పక్కకి తెచ్చి, ఇటుక ముక్కలు పరిచి పడుకోబెట్టాం. టీచర్ గారు సెల్లులో ఫొటో తీశారు. పళ్ళికిలించి ముగ్గురం, మధ్యలో రాయి.

వేసవి వచ్చింది. అక్కడిది నల్లరేగడి. కాలవ కట్టేశాక నేల నోళ్ళు తెరుస్తుంది. మోచెయ్యి దాకా పట్టే బీటలు. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం ఆ బీటల మీద చెయ్యి పెడితే లోపల్నుంచి చల్లటి గాలి తగుల్తుంది. చల్లగా ఉంటే హాయిగా ఉండాలి కదా. ఉండదు. కొత్తగా నాటిన మొక్కలకి బిందెలతో నీళ్ళు పోసేవాళ్ళం. పోసిన నీళ్ళు పైన నిలవవు. గుటుక్కుమని లోపలికి పోతాయి. గుటుక్కు, గుటుక్కు. కాసేపు ఆగి మళ్ళీ ఒక గుటక. నేను ఆ చప్పుడు ఎప్పుడో విన్నాను, మూడు రోజుల పాటు. "నేల తాగుతోందక్కా, అంతే" అనేవారు టీచర్ గారు. అక్కడ ప్రతిదానికీ చివర్లో ఒక "అంతే" పెట్టుకునేవాళ్ళం.

తొలకరి పడ్డాక నేల ఉబ్బుతుంది. ఉబ్బితే రాళ్ళు కదులుతాయి. ఒకటి కుంగుతుంది, ఒకటి పక్కకి ఒరుగుతుంది. మిగతా రాళ్ళు ఏడాదికోలాగా ఒరిగేవి. నేను తెప్పించిన బండ మాత్రం ఎప్పుడూ ఒకే పక్కకి, పడమటి గోడ వైపుకి. భాయ్ గారు మట్టం గొట్టం పెట్టి సరిచేసేవారు. వానాకాలం పోయేసరికి మళ్ళీ అటే. కప్పలు కూడా అంతే. తోటంతా అరుస్తుండేవి, గోడవారకి నడిస్తే అరుపు ఆగిపోయేది, ఎవరో బిడ్డని నిద్రపుచ్చి ఉష్ అన్నట్టు. సమాధుల పండుగకి సున్నాలు కొట్టి, సాయంత్రం ఒక్కో రాయి మీదా కొవ్వొత్తి పెట్టేవాళ్ళం. ఆ పండుగరోజు నేను గోడవారంతా రాళ్ళు వెతుక్కుంటూ తిరిగేదాన్ని. పై వరస, కుడిచేతి కొస. ఇంగ్లీషు రాళ్ళు కూడా వదల్లేదు. సున్నా ఉంటే కొడవలి లేదు, తోకలాంటిది ఉంటే సున్నా లేదు. మా ఆయన తప్పు చూశాడని, వానలో కంగారులో ఏదో గీశాడని అనుకోవడం మొదలుపెట్టాను. పోయిన మనిషిని లోపల్లోపల తిట్టుకున్నాను కూడా.

నాలుగేళ్ళు ఇలా నడిచాయి. పోయిన పుష్యమాసంలో రెండు సంగతులు ఒక్కసారే వచ్చాయి. ఊళ్ళో పెద్దలు పడమటి గోడ పడగొట్టి కొత్తది కట్టిస్తామన్నారు. పాత గోడకి లోపలి వైపు పునాది తవ్వుతారట, బయట కాలవ గట్టు జారుతోందని. కాలవకి నీళ్ళు వదిలేలోగా పని అయిపోవాలట. మాకు సంతోషమే, గేదెలు రావు.

రెండోది. వరసగా రంగు వేసుకుంటూ వచ్చి భాయ్ గారు ఆ ఆదివారానికి రమ్మన్న రాయి దగ్గరకొచ్చారు. రాయి అడుగు వైపు నీళ్ళు నిలిచి బురదగా ఉంది. అందుకని ఆయన తల వైపు చిన్న పీట వేసుకుని, రాయి మీదకి వంగి, తలకిందులుగా రంగు నింపుతున్నారు. లారీ పైకెక్కి వేలాడుతూ వెనక తలుపు మీద రాసిన చెయ్యి అది, ఎటునుంచైనా రాస్తుంది. నేను ఫ్లాస్కులో టీ వంచి గ్లాసు పట్టుకుని ఆయన వెనకాల నిలబడ్డాను. మంచులో నల్లరంగు తడిగా మెరుస్తోంది.

సున్నా. సున్నా కింద కొడవలి. పై వరసలో, కుడిచేతి కొసన.

"భాయ్ గారూ, అదేం అక్షరం?"

ఆయన తల ఎత్తకుండా "ర, చెల్లెమ్మా" అన్నారు. ఆయన అన్నది "ర". నాకు వినపడింది "రా".

టీ నా కాళ్ళ మీద ఒలికింది. కాలిందని కూడా తెలియలేదు.

అక్షరం రానివాడికి అక్షరానికి తల ఏదో, కాళ్ళేవో తెలియదు. మంచాన్ని ఏ పక్కనుంచి చూసినా మంచమే, అక్షరం కూడా అంతే అనుకుంటాడు. మా ఆయన గోడ గండిలోంచి దిగాడు, గోడవైపు నిలబడి చూశాడు, చూసింది చూసినట్టు గీశాడు. తప్పు గీయలేదు. నేను కూడా అలా చూడగలిగేదాన్నే, పలకలూ గుణింతాలూ రాకముందు. ఆ రోజు గోడకి వీపు పెట్టి ఊడ్చినప్పుడు ఆ బొమ్మ నా కాళ్ళ ముందే ఉండి ఉంటుంది. అక్షరంలాగా లేదు కాబట్టి నా కంటికి ఆనలేదు. ఇటు దిగి, చదువుకున్నదాన్లాగా ఎదురుగా నిలబడి చదివాను. చదివిన గర్వంతో రాయినే పెకలించి తెచ్చాను.

చెయ్యి ఆనించాను అక్కడ. వెచ్చగా ఉందని పక్కవాళ్ళకి చెప్పాను.

ముగ్గురం గోడ దగ్గరకి పోయాం. ముప్పై బారల గోడ. నాలుగు వానాకాలాల ఒండ్రు, గడ్డి. రాయి ఎక్కణ్ణుంచి తీశామో ఆనవాలు లేదు. భాయ్ గారు వేపచెట్టుకి ఎదురుగా అన్నారు. టీచర్ గారు మూల దగ్గర అన్నారు. నేను నడిమధ్య అన్నాను. ఫొటో తీశారు కదా అని సెల్లు తీస్తే అందులో మా పళ్ళున్నాయి, రాయి ఉంది, వెనక కంప తప్ప ఏమీ లేదు.

"తవ్వి చూద్దాం" అన్నాను.

"తవ్వితే ఏం కనపడుతుందక్కా? మూడు రోజుల బిడ్డ. నలభై ఏళ్ళు." టీచర్ గారు నా చెయ్యి వదల్లేదు.

"పునాది తవ్వేవాళ్ళు తవ్వరా? బొచ్చెలతో ఎత్తి కాలవలో పోస్తారు."

భాయ్ గారు మట్టి వేళ్ళతో నలిపి చూసి, "ఎండలు ముదరనియ్ చెల్లెమ్మా" అన్నారు. "మా ఖబరస్తాన్‌లో చూశాను. ఒకసారి తవ్వి పూడ్చిన నేల, తవ్వని నేల ఒక్కలాగా పగలవు. రోహిణిలో నేలే చెబుతుంది."

మాఘం, ఫాల్గుణం, చైత్రం. అంత నెమ్మదిగా ఎండలు రావడం నేనెప్పుడూ చూడలేదు. లోకమంతా వాన కోసం చూస్తుంటే నేను ఎండ కోసం చూశాను. వైశాఖంలో ఒకసారి అకాలవాన పడితే వీధిలో నిలబడి ఆకాశాన్ని తిట్టాను. ఆదివారాలు వెళ్ళడం మానలేదు. గోడవార గడ్డి నేనే పీకాను, వేళ్ళతో, పార వెయ్యకుండా. కంప నరికాం. నేల నున్నగా, నల్లగా, ఏమీ తెలియనట్టు ఉంది.

రోహిణి కార్తె మూడోరోజు గోడ కట్టే మేస్త్రీ ఫోన్ చేశాడు, రేపు పునాదికి దారం కడతామని. ఆదివారం కాదు. అయినా ముగ్గురం మొదటి బస్సుకే బయల్దేరాం.

మేం వెళ్ళేసరికి మేస్త్రీ గోడకి బారెడు దూరంలో మేకులు కొట్టి దారం లాగుతున్నాడు. సూర్యుడు అప్పుడప్పుడే ఏటవాలుగా పడుతున్నాడు. ఆ వెలుగులో నేల చూశాను.

పెద్ద బీటలు తోటంతా అడ్డదిడ్డంగా ఉన్నాయి. గోడవార ఒకచోట మాత్రం బీట గీత గీసినట్టు తిన్నగా పోయి, మలుపు తిరిగి, మళ్ళీ తిన్నగా పోయింది. నిలువెత్తు మనిషి పట్టే కొలత. మా బండ అక్కడిదే. వేపచెట్టుకి ఎదురుగానూ కాదు, మూలనా కాదు, నేనన్న నడిమధ్యా కాదు. ముగ్గురం తప్పే చెప్పాం. దానికీ గోడకీ మధ్య ఇంకో గీత ఉంది. చిన్నది. నా మోచెయ్యి నుంచి వేళ్ళ కొస దాకా అంత. నాలుగు పక్కలా సన్నటి బీట, మధ్యలో నేల నున్నగా, పగలకుండా.

కూర్చుండిపోయాను.

"దొరికింది చెల్లెమ్మా" అన్నారు భాయ్ గారు.

టీచర్ గారు నాకన్నా రెండు అడుగులు అవతల నిలబడి నేలకేసి చూస్తున్నారు. తర్వాత ఇంకో రెండడుగులు వేశారు. "అక్కా" అన్నారు.

దాని పక్కన ఇంకొకటి ఉంది. అంతే కొలత. దాని పక్కన ఇంకొకటి, కొంచెం పెద్దది. బండ చోటు పక్కనుంచి గోడ వెంబడి, ఒకదాని పక్కన ఒకటి, పంతిలో కూర్చోబెట్టినట్టు. తొమ్మిది దాకా లెక్కపెట్టి ఆపేశాను. ఎండ పైకి వచ్చేకొద్దీ ఇంకా కనపడుతున్నాయి.

వానాకాలం మా ఒక్క ఊరి శ్మశానమే మునిగిందా? చుట్టుపక్కల పల్లెలన్నీ పల్లమే. మెరక ఇదొక్కటే. గోడకి గండి ఉంది. అన్ని ఊళ్ళ తండ్రులూ అందులోంచే దిగారు. అందరూ గుర్తుకి ఆ రాయినే పెట్టుకున్నారు, పెద్ద అక్షరాలని. ఎన్ని ఇళ్ళల్లో తలుపుల వెనక ఆ సున్నా, ఆ కొడవలి గీసి ఉన్నాయో! నా ఒక్కదానికే తెలుసనుకున్నాను.

రాయికీ గోడకీ మధ్య అని అందరూ చెప్పే ఉంటారు, అందులో నాది ఏదో నాకు తెలియదు. ఇక తెలియదు కూడా.

మేస్త్రీ దారం చేత్తో పట్టుకునే వచ్చాడు. "ఏంటండీ ఇది, టైమవుతోంది" అంటూ వచ్చినవాడు నా పక్కకి వచ్చి నేల చూశాడు. అతనికి చెప్పాల్సిన పని లేకపోయింది. చెప్పులు విప్పి దూరంగా పెట్టి వచ్చాడు. "మాదీ ఈ పక్క ఊరేనండీ" అన్నాడు. "మా అమ్మకి నాకు ముందు ఇద్దరు పోయారు. ఎక్కడ పెట్టారో ఎప్పుడడిగినా చెప్పేది కాదు." ఒక్కో మేకూ తనే పీకాడు. పాత గోడ మీదే కట్టుకొస్తానని, గట్టు జారితే బయట రాళ్ళు పేరుస్తానని, పెద్దలతో తను మాట్లాడుకుంటానని చెప్పాడు. మాట్లాడుకున్నాడు కూడా.

ఆ వారంలోనే బండని జాకీతో, గొట్టాలతో వెనక్కి దొర్లించాం. ఈసారి మేస్త్రీ కూలీలు నలుగురు పట్టారు. ఎలా ఉండేదో అలాగే పెట్టాం, తల గోడవైపు, రమ్ము అన్న మాట ఇవతలికి. తొలకరి వచ్చింది, పోయింది. రాయి అంగుళం ఒరగలేదు. మట్టం సరిగ్గా వేశామని భాయ్ గారంటారు. అంతే అయ్యుంటుంది.

బండ పెట్టిన రోజు సంగతి ఒకటి ఉంది. అందరూ చేతులు కడుక్కుని గేటు వైపు నడిచారు. నేను బిందె తీసుకుని గోడవైపు కూర్చున్నాను, మా ఆయన నిలబడిన పక్క. అక్కడ్నుంచి చూస్తే అది మాట కాదు, సున్నా, కొడవలి. మొదటి గీత దగ్గర చెంబుడు నీళ్ళు పోశాను. గుటుక్కుమంది. రెండోదానికి పోశాను. అదీ తాగింది. వరసగా అన్నిటికీ పోసుకుంటూ వెళ్ళాను, నాది ఏదో అందులో ఉంటుంది కదా. చివరిదాకా పోసేసరికి మొదటి దగ్గర మళ్ళీ ఒక గుటక వినపడింది. ఇంకా కావాలన్నట్టు. బిందెలో నీళ్ళు అయిపోయాయి.

లేచాను. మోకాళ్ళు పట్టేశాయి, రాయి మీద చెయ్యి వేసి లేవాల్సొచ్చింది. గేటు దగ్గర టీచర్ గారూ భాయ్ గారూ నా కోసం నిలబడి ఉన్నారు. నా చట్టం ప్రకారం ఏమీ అనకుండా, వెనక్కి చూడకుండా రావాలి.

చూశాను. "వెళ్ళొస్తానమ్మా" అన్నాను, అందరికీ వినపడేలాగా.

టీచర్ గారు నన్ను తిట్టలేదు.